వీడియో తీయుట వచ్చినంతనే వీడియో చదువుట వచ్చునా?

చదువుట, వ్రాయుట అను రెండు విద్యలను మన పెద్దలు ఏనాడును వేరుచేయలేదు. పలకపై 'అ' దిద్దిన పిల్లవాడే పుస్తకములోని 'అ'ను గుర్తించును. తానొక ఉత్తరము వ్రాసి యెరిగినవానికి, ఎదుటివాడు వ్రాసిన ఉత్తరములో ఏది చెప్పెనో, ఏది దాచెనో కొంత తెలియును. కాని నేటి బాలబాలికల కంటికి దినమంతయు తగులుచున్నది అక్షరముల భాష కాదు, కదలు బొమ్మల భాష. మాటలు సరిగా రాకముందే వారు ఈ భాషను చూడ నేర్చుచున్నారు. చదువ నేర్చుచున్నారా అనునది వేరొక ప్రశ్న.

ఒక వార్తను గాని, ప్రకటనను గాని, వీడియోను గాని ఎవరు చేసిరి, ఎందుకు చేసిరి, ఏమి చూపిరి, ఏమి విడిచిరి అని అడిగి తెలిసికొను శక్తికి మాధ్యమ అక్షరాస్యత అని పేరు. 1982లో జర్మనీలోని గ్రూన్‌వాల్డ్‌లో 19 దేశముల విద్యావేత్తలు యునెస్కో ఆధ్వర్యమున సమావేశమై, ఈ విద్యను బడిలో ప్రవేశపెట్టవలెనని ఒక ప్రకటన చేసిరి. నాటినుండి ఉపాధ్యాయులలో ఒక అభిప్రాయము బలపడుచు వచ్చినది. ఈ విద్యకు ఉత్తమమార్గము పిల్లలచేతనే వీడియోలు తీయించుట యనియు, ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వయస్సు అందుకు అనువైనదనియు పలువురు చెప్పుచున్నారు. ఆ అభిప్రాయమును పరీక్షించుటయే ఈ వ్యాసము ఉద్దేశము. తీయించుట మంచిదే. కాని తీయించినంత మాత్రమున ఈ విద్య రాదు. ఒక్కొకప్పుడు దీనికి నేరుగా విరుద్ధమైన విద్యయే వచ్చును.

తోక తెగిన వీడియో

2018 మే నెలలో, పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతి తెలుగు జిల్లాలలో వ్యాపించెను. వాట్సాప్‌లో వచ్చిన వీడియోలు దానికి సాక్ష్యములైనవి. దారిన పోవు అపరిచితులను జనము పట్టుకొని కొట్టిరి. కొందరు అమాయకులు ప్రాణములు కోల్పోయిరి. ఆ కాలమున దేశమంతట తిరిగిన వీడియోలలో ఒకదాని కథ ప్రతి తరగతిలోను చెప్పదగినది. వీధిలో క్రికెట్టు ఆడుచున్న పిల్లల దగ్గరకు మోటారు సైకిలుపై ఇద్దరు వచ్చి, ఒక పిల్లవానిని ఎత్తుకొని పోవుదురు. వీడియో అంతటితో ఆగిపోవును. నిజమునకు అది తప్పిపోయిన పిల్లలకొరకు పనిచేయు 'రోష్నీ' అను కరాచీ సంస్థ 2016లో తీయించిన ప్రచార చిత్రము. అసలు చిత్రములో ఆ మనుష్యులే తిరిగివచ్చి, పిల్లవానిని దింపి, కరాచీ వీధులలో పిల్లలను ఎత్తుకొనిపోవుటకు ఒక్క క్షణము చాలునను హెచ్చరికను చూపుదురు. ఎవరో ఆ చివరి భాగమును కత్తిరించిరి. పిల్లలను కాపాడుటకు తీసిన చిత్రము, మనుష్యులను కొట్టించు చిత్రమైనది.

ఇక్కడ గమనింపదగిన విషయమొకటి కలదు. ఆ బొమ్మలో క్రొత్తగా చేర్చినది లేదు. కంప్యూటరు మాయ లేదు. జరిగినది తీసివేయుట మాత్రమే.

గద్వాల జిల్లాలో నాటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి ఊరూరికి పోలీసులను పంపి, డప్పుతోను పాటతోను జానపదుల రీతిలో ఇట్టి వీడియోలను నమ్మవద్దని చెప్పించిరి. అది మెచ్చదగిన పని. ఆ జూలైలో వాట్సాప్ సంస్థయు మన దేశములో ఒక సందేశమును ఒకమారు ఐదింటికి మించి పంపకుండ హద్దు పెట్టెను. అయితే ఇవి మంట లేచిన తరువాత నీళ్లు చల్లుట వంటివి. 'ఈ వీడియోను నమ్మవద్దు' అను మాట ఆ వీడియోకు పనికివచ్చును, రేపటి వీడియోకు పనికిరాదు. దీనికి ముందు ఏమున్నది, తరువాత ఏమున్నది అని ఎవరికి వారే అడుగు అలవాటు కావలెను. ఒకమారు తన చేత కత్తెర పట్టినవానికి ఈ అలవాటు త్వరగా అబ్బును. పిల్లలచే వీడియో తీయించవలెననుటకు నిజమైన కారణము ఇదియే. ఈ కారణమును మరచి తీయించినచో మిగులునది వినోదము మాత్రమే.

మన ప్రాజెక్టుల తీరు

మన రాష్ట్రములో 2010 తరువాత అమలునకు వచ్చిన నిరంతర సమగ్ర మూల్యాంకనములో ప్రాజెక్టు పనికి స్థానము కలదు. నిన్నటివరకు చార్టులతోను, అట్టముక్కలతోను చేసిన ప్రాజెక్టు నేడు పలుచోట్ల ఫోనులోనికి మారుచున్నది. గోదావరిఖని, రామగుండం పరిసరములలో పిల్లలు ఎన్నుకొను విషయములలో కాలుష్యమునకు అగ్రస్థానము. అది సహజమే. ఒకవైపు సింగరేణి ఓపెన్‌కాస్టు గనులు, మరియొకవైపు విద్యుత్కేంద్రపు పొగగొట్టములు, నడుమ ఊరు.

అట్టి వీడియో సాధారణముగా ఎట్లుండును? మొదట విషాదసంగీతము. ఆపై ఎచ్చటిదో మంచుకొండ విరిగి సముద్రములో పడును. తరువాత ఢిల్లీ నగరపు పొగమంచు. వెనుకనుండి ఇంటర్నెట్టులోని వ్యాసమొకటి చదువు గొంతు. నడుమ పది సెకనులు తమ ఊరి రోడ్డు. చివర మొక్కలు నాటుదమను నినాదము. ఉపాధ్యాయులు చప్పట్లు కొట్టుదురు. బొమ్మ స్పష్టతకు, సంగీతమునకు, కూర్పులోని నునుపుదనమునకు మార్కులు పడును.

ఈ పిల్లలు నేర్చినదేమి? సంగీతముచే చూచువానిని ఏడ్పించవచ్చునని నేర్చిరి. ఎచ్చటి బొమ్మనైనను ఇచ్చటిదానివలె చూపవచ్చునని నేర్చిరి. ముందుగా నిశ్చయించుకొన్న మాటకు సరిపడు బొమ్మలను ఏరుకొని, సరిపడనివానిని పారవేయవచ్చునని నేర్చిరి. 2018లో ఆ చిత్రమును కత్తిరించినవాడును ఇదే చేసెను. ఉద్దేశములో భేదము కలదు గాని పద్ధతిలో లేదు. మంచి ఉద్దేశముతో నేర్చిన చెడ్డ పద్ధతి, ఉద్దేశము మారిననాడును చేతిలోనే యుండును. ఇందులో తప్పు పిల్లలది కాదు. దేనికి మార్కులు వేయుదుమో దానినే వారు నేర్తురు.

ఇంకొక నష్టము కలదు. అది ఈ బొగ్గు ప్రాంతమునకు ప్రత్యేకమైనది. తరగతిలో కూర్చున్న పిల్లవాని తండ్రి డంపరు నడుపుచుండవచ్చును. ఇంటిలో ఉడుకు బియ్యము బాయి జీతముతో వచ్చినది. ఇంటి అరుగుపై ప్రొద్దున ఊడ్చిన దుమ్మును బాయినుండియే వచ్చినది. దసరా ముందు లాభాల వాటా ఎంతయని లెక్కవేయు ఇంటిల్లిపాదియే, బ్లాస్టింగుకు గోడ అదిరినపుడు బీటలు వెదకుకొందురు. ఇంత చిక్కైన సంగతి ఏ పుస్తకమును చెప్పకయే ఆ పిల్లవానికి తెలియును. మూడు నిమిషముల నినాదపు వీడియో వానికి తెలిసినదానిలో సగమును మరచిపొమ్మనుచున్నది. తనకు తెలిసినదానిని మరపించు విద్య ఏ అక్షరాస్యతయు కాజాలదు.

ఒకే దుమ్ము, రెండు బొమ్మలు

విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయునకు ఇక్కడ మంచి అవకాశము కలదు. బొగ్గు లారీలు పోవు రోడ్డుకు తగినంత దూరమున, సాయంకాలము సూర్యుడు వాలినపుడు, ఒకేచోట నిలిచి పిల్లలచే రెండు దృశ్యములు తీయింపుడు. మొదటిది సూర్యునివైపు తిరిగి, రెండవది సూర్యునికి వీపు పెట్టి. మొదటి బొమ్మలో గాలి అంతయు బంగారు ధూళితో నిండి యుండును. రెండవ బొమ్మలో ఆ ధూళి దాదాపు కనబడదు. లారీలు అవియే, గాలి అదియే, నిమిషము కూడ అదియే.

కారణము కష్టమైనది కాదు. మన కంటికి కనబడు కాంతి తరంగదైర్ఘ్యము సుమారు 0.4 నుండి 0.7 మైక్రానులు. అంతకన్న పెద్దవైన రేణువులు తమపై పడిన కాంతిని అన్ని దిక్కులకు సమానముగా చెదరగొట్టవు. అధికభాగమును అది పోవుచున్న దిక్కునకే చెదరగొట్టును. కనుక వెలుగు మన ఎదుటనుండి వచ్చునపుడు రేణువులు మెరయును, మన వెనుకనుండి వచ్చునపుడు మరుగగును. కిటికీ సందున పడిన ఎండలో కనబడు సూక్ష్మ రేణువులను పూర్వులు త్రసరేణువులనిరి. ఎండ పడని చోటను ఆ రేణువులు కలవు. చూపు వెలుతురు మాత్రము లేదు.

మొదటి బొమ్మ చూచినవాడు ఊరు దుమ్ములో మునిగినదనును. రెండవది చూచినవాడు గాలి నిర్మలమనును. రెంటిలోను అబద్ధము లేదు. అయినను ఏదో ఒకదానిని మాత్రమే చూపినవాడు చూచువానిని ఒకవైపునకు నెట్టినవాడగుచున్నాడు. ఈ సంగతిని ఉపన్యాసముతో చెప్పిన మరచిపోవుదురు. తమ చేత తీసిన మరువరు.

ఇట్టి పాఠములు మరికొన్ని కలవు. వెనుకకు జరిగి జూము చేసి తీసినచో దూరమున నున్న పొగగొట్టము ఇండ్ల వెనుకనే లేచినట్లుండును. దగ్గరకు పోయి జూము లేకుండ తీసినచో అది ఎక్కడనో నిలిచినట్లుండును. విద్యుత్కేంద్రముల శీతలీకరణ గోపురములనుండి లేచు దట్టమైన తెల్లని మేఘమును వార్తలలో పలుమారులు కాలుష్యమునకు గుర్తుగా చూపుదురు. అందులో నున్నది ప్రధానముగా నీటి ఆవిరియు, అది చల్లబడి ఏర్పడిన నీటి తుంపరలును. పొగగొట్టమునుండి వచ్చు వాయువులలో హానికరమైన గంధకపు ఆక్సైడులు యుండినను అవి కంటికి కనబడవు. కంటికి ఘోరముగా తోచునది హాని తక్కువైనది. హాని చేయునది బొమ్మకు అందనిది.

దుమ్ము విషయమున కూడ ఇంతే. తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. శ్వాసతోపాటు రొమ్ములోనికి పోవు కణములు 10 మైక్రానులకన్న చిన్నవి. మరింత లోతునకు పోవునవి 2.5 మైక్రానులకన్న చిన్నవి. వీనిని విడివిడిగా ఏ ఫోను కెమెరాయు చూపలేదు. మన దేశములో 2009లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము 24 గంటల సగటున, ఘనమీటరు గాలిలో మొదటివి 100 మైక్రోగ్రాములను, రెండవవి 60 మైక్రోగ్రాములను మించరాదు. ఇది కొలిచి తెలిసికొనదగినదే గాని చూచి తెలిసికొనదగినది కాదు. కావున ప్రతి వీడియో ప్రాజెక్టుకును ఒక కొలత జతపడవలెను. పలుచగా నూనె పూసిన గాజుపలకను డాబాపై ఒకదినముంచి, భూతద్దముతో చదరపు సెంటీమీటరుకు రేణువులు లెక్కించుట ఎనిమిదవ తరగతి పిల్లలకు సాధ్యమే. ఇదియు ఆ సూక్ష్మకణములను పట్టలేదు. ఏ సాధనము దేనిని పట్టగలదో, దేనిని పట్టలేదో తెలియుటయే ఇందలి పాఠము.

పస్తాపూరు స్త్రీలు పెట్టిన పేర్లు

కెమెరా కోణమునకు అర్థము కలదని చెప్పుటకు భౌతికశాస్త్రము ఒక మార్గము. మరియొక మార్గమును మన తెలుగునేలపైనే, బడి మెట్లు ఎక్కని స్త్రీలు చూపిరి. జహీరాబాదు దగ్గరి పస్తాపూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అను సంస్థ కలదు. దూరదర్శన్‌లో నిర్మాతగా పనిచేసి, ఈ సంస్థ స్థాపకులలో ఒకరైన పి.వి. సతీష్ 2023లో కాలధర్మము చెందిరి. ఈ సంస్థ 1990ల చివరి సంవత్సరములలో పల్లెలలోని దళిత స్త్రీలకు వీడియో కెమెరా నేర్పుట మొదలిడెను. వారిలో పెక్కురకు చదువురాదు. 2001లో వారు కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడిరి.

ఆ స్త్రీలు కెమెరా కోణములకు తమ జీవితమునుండి పేర్లు పెట్టుకొనిరి. పైనుండి క్రిందికి చూచు కోణము పటేలు షాట్; పటేలు జనమును చూచునది అట్లే గనుక. క్రిందినుండి పైకి చూచునది జీతగాడు దొరను చూచు చూపు. ఎదుటివాని కంటికి సమానమైన ఎత్తున నిలిపి తీయునది సంఘం షాట్. సంఘములో అందరును సమానముగా కూర్చుందురు గనుక. పాఠ్యగ్రంథములలో ఎత్తు కోణము, పల్లపు కోణము అని చెప్పి విడిచినదానిని వీరు అధికారము, సమానత్వము అను అర్థములతో గ్రహించిరి. కెమెరా ఎక్కడ నిలిచినదను ప్రశ్న, ఎవరు ఎవరిని చూచుచున్నారను ప్రశ్నయే యని వారికి తెలిసినది. మాధ్యమ అక్షరాస్యతకు ఇంతకన్న మంచి పాఠమును ఏ దేశపు పాఠ్యప్రణాళికయందును నేను చూడలేదు.

అయితే వీరి పనిని బడికి యథాతథముగా తెచ్చుకొనవచ్చునా? 2003లో వారు వరంగల్ రైతులకు బీటీ పత్తిపై కోపమెందుకను విషయముపై ఒక చిత్రము తీసిరి. అది పొలమునుండి, రైతు నోటినుండి వచ్చిన సాక్ష్యము. కాని అది ఒక పక్షమువారి వాదము కూడ. పెద్దలు తమ బ్రతుకుకై వాదించుట న్యాయమే; ఎవరి వాదమో దాచకుండుట అందలి నిజాయితీ. బడిపిల్లవాని పని వేరు. వాదించుటకు ముందు వాడు విచారించుట నేర్వవలెను. కావున పస్తాపూరునుండి మనము గ్రహింపవలసినది వాదము కాదు, కోణములకు పేర్లు పెట్టిన ఆ బుద్ధి.

మరియొక రాష్ట్రములోని ప్రయత్నమును కూడ చూడవచ్చును. కేరళ ప్రభుత్వము 2018లో 'లిటిల్ కైట్స్' పేర ఉన్నత పాఠశాలలలో విద్యార్థి సంఘములను ఏర్పరచి, యానిమేషను మున్నగు సాంకేతిక విద్యలను నేర్పించుచున్నది. 2022లో అసత్య వార్తలను గుర్తించుటపై ఐదవ తరగతినుండి పదవ తరగతివరకు 19.72 లక్షలమందికి పాఠములు చెప్పించెను. ఒకటి చేతికి పని, రెండవది కంటికి పని. మనము అనుకరింపదలచినచో ఈ రెంటిని ఒకే పాఠములో ముడివేయుట మేలు. కెమెరా మీటలు నేర్పుటకు బడి ఎక్కువ కాలము వెచ్చింపనక్కరలేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లినుండి ఊరి మాటతో, ఊరి మనుష్యులతో వచ్చుచున్న 'మై విలేజ్ షో' వీడియోలను లక్షలమంది చూచుచున్నారు. తీయుట పిల్లలు బయటనే నేర్తురు. ప్రశ్నించుట మాత్రము బడియే నేర్పవలెను.

చూపరాని చోటు

బొగ్గు ప్రాంతపు ఉపాధ్యాయునకు ఒక హద్దు కలదు. 18 సంవత్సరములు నిండనివారు గనిలోనికి పోరాదు. అది ప్రాణరక్షణకై యున్న నియమము, దానిని మీరరాదు. కాని ఈ హద్దును కూడ పాఠముగా మార్చవచ్చును. మనము ఇంతవరకు చూచిన గని లోపలి దృశ్యములను తీసినదెవరు? లోపలికి పోగలిగినవారు ఎవరు, ఎవరి అనుమతితో పోయిరి? బయట నిలిచినవానికి కనబడునదేమి? ఇంక్లైనులో దిగిన తండ్రి చెప్పు మాటలను బొమ్మ లేకుండ గొంతుగా మాత్రము పట్టుకొనవచ్చును గదా? చూపలేనిదానిని చూపలేకపోతిమని వీడియోలోనే చెప్పుట నిజాయితీ. ఇంటర్నెట్టునుండి వేరొక గని బొమ్మను తెచ్చి అతికించుట కపటము.

అట్లే, మనుష్యుల ముఖములను వారి అంగీకారము లేకుండ తీయరాదనియు, పిల్లల ముఖములతో కూడిన వీడియోలను ఊరందరి ఫోనులలోనికి పంపరాదనియు మొదటిదినమే చెప్పవలెను.

ఏమి చేయవచ్చును?

ఆచరణలో ఈ క్రింది పద్ధతిని ఉపాధ్యాయులు పరీక్షించి చూడవచ్చును. ఆరుగురు పిల్లలకు ఒక ఫోను చాలును. వీడియో నిడివి 90 సెకనులు మించరాదు. ప్రతి దృశ్యమును ఆ పిల్లలే తీయవలెను. బయటి బొమ్మ ఒక్కటియు ఉండరాదు. మొదటి కూర్పులో సంగీతము నిషిద్ధము.

తీసిన దృశ్యములన్నిటిని ఒక నోటుపుస్తకములో వరుసగా వ్రాయవలెను: ఏనాడు, ఏవేళ, ఎక్కడ నిలిచి, ఏ దిక్కునకు చూచి తీసిరి అని. తరువాత ఆ దృశ్యములనుండియే రెండు వీడియోలు కూర్చవలెను. చూచువాడు రెండు భిన్నమైన అభిప్రాయములకు వచ్చునట్లు అవి యుండవలెను. సుమారు 1920 ప్రాంతమున రష్యాలో లెవ్ కులెషోవ్ అను చలనచిత్ర ఉపాధ్యాయుడు ఒకే నటుని ముఖమును ఒకమారు ఆహారపు గిన్నె ప్రక్కన, ఒకమారు శవపేటిక ప్రక్కన చేర్చి చూపెను. చూచినవారు ఆ ఒకే ముఖములో ఒకమారు ఆకలిని, ఒకమారు దుఃఖమును కనుగొనిరని చెప్పుదురు. మన పిల్లలు చేయునది ఈ ప్రయోగమే.

ఆపై విడిచిన దృశ్యములను తరగతి ముందు ప్రదర్శింపవలెను. 'ఇది ఎందుకు విడిచితివి?' అని తోటిపిల్లలు అడుగుదురు. 'బాగులేదు' అను జవాబు చాలదు. 'మా మాటకు అడ్డము వచ్చినది' అని ఒప్పుకొన్ననాడు ఆ పిల్లవాడు అక్షరాస్యుడైనాడని తలంపవచ్చును. ప్రాజెక్టుకు కేటాయించిన మార్కులలో సగమునకు తక్కువ కాకుండ ఈ నోటుపుస్తకమునకును, ఈ జవాబులకును ఇవ్వవలెను.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చును. ఒకే సంగతిని రెండు విధములుగా చూపుట నేర్చిన పిల్లవాడు, నిజమే లేదనుకొని దేనిని నమ్మనివాడగునేమో యని. ఈ భయము అకారణమైనది కాదు. అందుకే గాజుపలకపై లెక్కించిన రేణువులు కావలెను, అందుకే ప్రమాణముల అంకెలు కావలెను. బొమ్మలు రెండు విధములుగా చెప్పవచ్చును. దుమ్ము మాత్రము ఉన్నంతయే యుండును. బొమ్మను శంకించుట, కొలతను ఆశ్రయించుట, ఆ కొలతకును హద్దులు కలవని యెరుగుట — ఈ మూడును కలిసినపుడే అది విజ్ఞాన దృష్టి యగును.

పాఠశాలల వార్షిక ప్రదర్శనలలో ఇకమీదట పిల్లల వీడియో చూచినపుడు, చప్పట్లకు ముందు ఒక్క ప్రశ్న అడుగవలెనని ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి: "బాబూ, ఇందులో లేనిదేమి?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల పిల్లవానిని రేపు తోక తెగిన వీడియో ఏదియు సులభముగా మోసగింపలేదు.